బంజరు నేల, దొంగజాతి

కంట జూచినదానికంటె కాగితమున వ్రాసినదే నిజమని నమ్ముట చదువుకొన్నవారికి గల యొక దోషము. మేమును దానికి లోనైనవారమే.

మా షాద్‌నగరు చుట్టుపట్ల లంబాడీ తండాలు కలవు. వీరి పూర్వులు ఎద్దులపై ఉప్పును ధాన్యమును వేసికొని దక్కను దారులవెంట సాగిన వర్తకులు. మొగలు సైన్యములకు తిండిగింజలు చేర్చినవారు. రైళ్లు వచ్చిన పిదప ఆ వర్తకము క్షీణించెను. అంతట వారి సంచారమే తెల్లదొరలకు అనుమానకారణమైనది. 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరజాతుల చట్టమును చేసెను. 1911లో దానిని మద్రాసు రాజధానికిని వర్తింపజేసెను. పుట్టుకయే నేరమైనది. ఆ జాబితాలలో లంబాడీలును చేరిరి. పశువులు మేయు బీళ్లు సైతము శిస్తు రానందున దొరల లెక్కలలో బంజరులయ్యెను. నేల యెడలను మనుష్యుని యెడలను దోషమొక్కటే: పాలకుని లెక్కకు అందకుండుట.

చట్టము 1952లో రద్దయినది. కాని బడిలో కలము పోయిననాడు మనము మొదట ఎవరి సంచి వెదకుదుము? మేమొకనాడు తండా బాలుని సంచి వెదకితిమి. కలము మా బల్లక్రిందనే దొరకినది. మరునాడు ఆ బాలుడు బడికి రాలేదు. తండాకు బోయి, తల్లిదండ్రుల యెదుట తప్పొప్పుకొని, వానిని పిలుచుకొని వచ్చితిమి.

చట్టమును కొట్టివేయుటకు మరియొక చట్టము చాలును. చూపును దిద్దుకొనుట మాత్రము ఇంటింట జరుగవలసిన పని. చదువరులారా, బిడ్డలు వినుచుండగా ఒక జాతిపేరును తిట్టుగా వాడకుందము. అక్కడనుండి మొదలిడుదము.