41వ దినమున ఎవరు వత్తురు?

ధ్యాన భాగములు: యెషయా 58వ అధ్యాయము, మత్తయి 6:1–18



భస్మ బుధవారము మొదలుకొని పునరుత్థాన పండుగ వరకు మన ఆలయములలో జరుగు ఆరాధనలకు ఒక ప్రత్యేకమైన గాంభీర్యము కలదు. వారము మధ్య సాయంకాల కూడికలలో ప్రభువు శ్రమలను ధ్యానింతుము. కొందరు ఒక పూట భోజనము మానుదురు. దానితోపాటు సేవయు సాగును. యౌవనస్థులు అన్నపు పొట్లములు కట్టి పంచుదురు; స్త్రీల మైత్రి సహోదరీలు ఆసుపత్రులకు పోయి రోగులను పరామర్శింతురు. ఇదంతయు మంచిదే. అయితే ఈ మంచి పనిని గూర్చియే ఒక ప్రశ్న అడుగవలసియున్నది. పండుగ ముగిసిన తరువాత, 41వ దినమున, ఆ పొట్లము కొరకు ఎదురుచూచువాని యొద్దకు ఎవరు వత్తురు?

మన పేటలలో ఈ ప్రశ్న ఉత్త ఊహ కాదు. ఆబిడ్స్ నుండి చాపెల్ రోడ్డు మీదుగా నాంపల్లికి నడిచి పోవచ్చును. సెంట్ జార్జి ఆలయము, మెథడిస్టు ఆలయము, పాత మిషను బడులు ఈ సమీపముననే యున్నవి. నాంపల్లి స్టేషను 1907 నుండి పల్లెల జనమును నగరములో దింపుచునే యున్నది. పని వెదకుచు వచ్చి దొరకక స్టేషను ముందర కూర్చున్నవాడు, రెడ్ హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రిలో బిడ్డను చేర్చి వెలుపల రాత్రులు గడుపు తల్లిదండ్రులు, కోర్టు వాయిదాకు వచ్చి చేతిలో డబ్బు అయిపోయినవాడు — వీరికి మన లెంట్ కాలము ఎప్పుడు మొదలగునో, ఎప్పుడు ముగియునో తెలియదు. ఆకలికి పంచాంగము లేదు.

ఈ ప్రశ్నకు సామాన్యముగా రెండు ప్రత్యుత్తరములు వినవచ్చును. మొదటిది: “ఏమియు చేయకుండుటకంటె 40 దినములైనను చేయుట మేలు గదా?” ఈ మాటలో సత్యమున్నది. తిన్న అన్నము తిన్నదే; ఆ పూట ఆ కడుపు నిండినది. దానిని మనము తేలికగా ఎంచరాదు. రెండవది: “లెంట్ కాలము పశ్చాత్తాపమునకు ఏర్పడినది; అన్నము పెట్టుట ప్రభుత్వము చూచుకొనును.” ఇందును కొంత సత్యము లేకపోలేదు. 2014లో మన నగరపాలక సంస్థ ఐదు రూపాయల భోజనమును ప్రారంభించి, సంఘములు చేయజాలనంత విస్తారముగా నడిపినది. తినువాడు తన ఐదు రూపాయలు చెల్లించి, ఎవరి దయయు కోరక భోజనము చేయుట మర్యాదగల ఏర్పాటే.

అయితే ప్రవక్తయైన యెషయా ఈ రెండవ ప్రత్యుత్తరమును నిలువనియ్యడు. ఉపవాసమును ఒక చోటను, ఆకలిగొనినవానిని మరియొక చోటను ఉంచుటకు ఆయన ఒప్పుకొనలేదు. తల వంచి గోనెపట్ట కట్టుకొనుట కాదు, ఆకలిగొనినవానితో ఆహారము పంచుకొనుటయే దేవుడు కోరిన ఉపవాసమని ఆ 58వ అధ్యాయపు సారాంశము. ఆది సంఘము దీనిని అక్షరాలా గైకొనెను. రెండవ శతాబ్దములో ఏథెన్సువాడైన అరిస్టీడెసు రోమా చక్రవర్తికి వ్రాసిన విన్నపములో క్రైస్తవుల నడవడిని వర్ణించెను. తమలో ఒక బీదవాడుండి, అతనికిచ్చుటకు తమయొద్ద మిగులు లేనియెడల, వారు రెండు మూడు దినములు ఉపవసించి ఆ అన్నమును అతనికిత్తురట! వారి ఉపవాసమునకు ఒక గమ్యముండెను. ఒక విస్తరిలో తగ్గినది మరియొక విస్తరిలో చేరెను.

కాబట్టి మనము మానిన పూట అన్నము ఎవరిది? అది మన డబ్బాలోనే మిగిలిపోయినయెడల అది పొదుపు అగును గాని ఉపవాసము కాదు. ఐదుగురున్న యింట వారమునకు ఒక పూట మానినచో లెంట్ ఆరు వారములలో 30 భోజనములగును. అదే యింటివారు సంవత్సరమంతయు అట్లు చేసినచో 260 భోజనములగును. ఈ లెక్క గొప్ప కొరకు కాదు. ఆ 30 భోజనములు మనవి కావని ఒప్పుకొనినవాడు, మిగిలిన 230 తనవే అని ఏ న్యాయమున చెప్పగలడు?

ఇచ్చట మరియొక అపాయము కలదు. మన భక్తి పెరుగుటకు బీదవానిని నిచ్చెనగా వాడుకొనుట సులభము. మత్తయి 6వ అధ్యాయములో ప్రభువు ధర్మమును, ప్రార్థనను, ఉపవాసమును వరుసగా చెప్పి, మూడింటిని రహస్యమందే చేయుమనెను. ఈ దినములలో పొట్లము అందుకొనువాని ముఖమునకు ఎదురుగా చేతి ఫోను ఎత్తుట వాడుకయైనది. ఆ ముఖమునకు ఒక పేరున్నది, ఊరిలో బంధువులున్నారు, సిగ్గున్నది. అతడు అన్నము కొరకు చేయి చాచెను గాని చిత్రము కొరకు కాదు.

మన పొరుగువారి యొద్ద నేర్చుకొనదగిన సంగతియు ఉన్నది. 2025లో రంజాను ఉపవాసములు మార్చి 2న, మన భస్మ బుధవారము మార్చి 5న ప్రారంభమైనవి. యూసుఫైన్ దర్గా ఉన్న నాంపల్లిలో ఇరువురము కలిసియే ఉపవసించితిమి. వారు ఈదు నమాజుకు ముందే ఫిత్రా చెల్లింతురు. పండుగనాడు బీదవాడును భుజింపవలెనని దాని ఉద్దేశము. బీదవాని పాలు చేరకముందు ఇచ్చువాని పండుగ ఆరంభము కాదు. మిజోరాములో ప్రెస్బిటేరియను స్త్రీలు 1910 నుండి అన్నము వండు ప్రతిసారి పిడికెడు బియ్యము దేవుని పనికై తీసియుంచుచున్నారు. మన తెలుగు సంఘములలోని తల్లులకును ఈ పిడికెడు బియ్యపు కానుక తెలియనిది కాదు. దానికి కాలము లేదు; పొయ్యి వెలిగిన ప్రతి దినము దాని దినమే.

“ఎల్లకాలము చేయవలెనన్నచో ఎవరును మొదలుపెట్టరు” అని కొందరందురు. ఇది న్యాయమైన మాట. మన సంఘస్థులలో ఎక్కువమంది ఉద్యోగస్థులు, జీతముపై బ్రదుకువారు. అయితే వెడల్పు తగ్గించి పొడవు పెంచవచ్చును. ఆరు వారములు వారమునకు 100 పొట్లములు పంచినచో 600. సంవత్సరమంతయు వారమునకు పది చొప్పున పంచినచో 520. ఖర్చు ఇంచుమించు సమానమే. మరి మిగిలిన తొంబదిమంది మాటేమి? ఆ నష్టము నిజమైనదే; దానిని దాచరాదు. 1908 సెప్టెంబరునాటి మూసీ వరద వంటి ఆపద వచ్చినప్పుడు సంఖ్యయే ముందు. అయితే మామూలు దినములలో ప్రతి వారము అదే చోటికి పోవువానికి పేర్లు తెలియును. ఒకనికి కావలసినది అన్నము కాదు, మందు అని తెలియును. ఒక తల్లికి చీటీ చదివి చెప్పువాడు కావలెనని తెలియును. ఈ తెలివి పొట్లము విసరి పోవువానికి దొరకదు.

భస్మ బుధవారము నుండి ఈస్టరు ముందటి శనివారము వరకు లెక్కించినచో 46 దినములగును. ఆదివారములు ఆరింటిని తీసివేసియే 40 అందుము. ఏలయనగా ప్రతి ఆదివారము పునరుత్థాన దినమే. ఆ 40 దినములు నారుమడి వంటివి. నారు పోసినవాడు దానిని మడిలోనే ఉంచి పంట కోయజాలడు, పొలములో నాటవలెను. 41వ దినమే ఆ పొలము.

ప్రభువా, మేము మానిన అన్నము ఎవరిదో మాకు చూపుము. మా పండుగ తరువాతను వారి ద్వారమునకు మమ్మును నడిపించుము. ఆమేన్.