తుపాను పడేసినవాడు, మనుషులు పడేసినవాడు

ఆసుపత్రి గోడలు గాలికి లేచిపోయాయి. పైకప్పూ పోయింది. మిగిలింది మంచం, దాని మీద హాస్యనటుడు బస్టర్ కీటన్. 1928లో వచ్చిన 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' అనే మూకీ సినిమాలోది ఈ ఘట్టం. ఆ గాలి మంచాన్ని కూడా వదలదు, వీధుల వెంట తోసుకుపోయి గుర్రాలశాలలోకి చేరుస్తుంది. కాసేపటికి కీటన్ ఒక ఇంటి ముందు నిలబడి మెడ రుద్దుకుంటుంటాడు. వెనక నుంచి ఆ ఇంటి ముందుగోడ మొత్తం అతని మీదికి కూలుతుంది. పైన ఒక కిటికీ తెరిచి ఉంది. ఆ కిటికీ సరిగ్గా అతను నిలబడినచోటే పడటంతో గోడ నేలమట్టమైనా అతను నిలబడే ఉంటాడు. ఆ ముఖంలో నేను వెతికింది ఒకటే. 'దేవుడా, నాకే ఎందుకు?' అన్న ప్రశ్న. అది అక్కడ లేదు.

మా వార్డులో మాత్రం ఆ ప్రశ్న వినపడని రోజు ఉండదు. నేను ఫిజియోథెరపిస్టుని. ఎముకల వార్డులో పడ్డవాళ్లను లేపి నడిపించడం నా పని. తుంటి విరిగినవాళ్లు, వెన్ను దెబ్బతిన్నవాళ్లు నా భుజం పట్టుకుని మొదటి అడుగు వేస్తూ అడుగుతారు, దేవుడు నాకే ఎందుకిలా చేశాడని. మోకాలు ఎంతవరకు వంగుతుందో చెప్పగలను. మెట్లు ఎప్పుడెక్కవచ్చో చెప్పగలను. దీనికి మాత్రం నా చదువులో జవాబు లేదు. మంచం పక్కనున్న బంధువులు తడుముకోకుండా చెప్పేస్తారు: "ప్రారబ్ధం. అనుభవించక తప్పదు." ఆ మాట ఎవరికి ఊరట, ఎవరికి అన్యాయం అన్నది నాకు తేటపడింది కీటన్ సినిమాలూ, చార్లీ చాప్లిన్ సినిమాలూ పక్కపక్కన పెట్టి చూసిన తర్వాతే.

ఈ ఇద్దరినీ పోల్చేవాళ్లు సాధారణంగా ముఖాల దగ్గర మొదలుపెడతారు. ఒకరిది రాతిముఖం, ఇంకొకరిది కళ్లలో నీళ్లు తిరిగే ముఖం. ఒకరిది లెక్క, ఒకరిది గుండె. నాకు ఈ పంపకం నచ్చదు. మా కేస్ షీట్‌లో ముందు రాసుకునేది ముఖం గురించి కాదు, ఎలా పడ్డారన్నది. వీళ్లిద్దరి విషయంలోనూ అదే అడగాలి. అసలు వీళ్లను పడేస్తున్నది ఎవరు?

కీటన్‌ని పడేసేవి గాలి, నీళ్లు, రైలింజను, కొండ మీంచి దొర్లుకొచ్చే బండలు. 'కాప్స్' (1922)లో పోలీసులు వెంటపడతారు, నిజమే. కానీ వాళ్లు వందల సంఖ్యలో వరదలా వస్తారు, ఒక్కడి ముఖం కూడా మనకు గుర్తుండదు. ఆ శక్తులకు అతని మీద పగ లేదు, దయా లేదు. కాబట్టి అతను ఎవరినీ బతిమాలడు, ఎవరినీ తిట్టడు. 'ది జనరల్' (1926)లో ప్రియురాలు కాదన్నాక వెళ్లి ఇంజను చక్రాలను కలిపే కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజను కదులుతుంది. కడ్డీతో పాటు అతనూ పైకి లేస్తాడు, కిందికి దిగుతాడు, మళ్లీ లేస్తాడు. ఇంజను షెడ్డులోకి పోబోతుండగా గానీ అది కదులుతోందని గమనించడు. దుఃఖంలో ఉన్నవాడి చుట్టూ లోకం తన పాటికి తాను తిరుగుతూనే ఉంటుందన్నది ఇంత సూటిగా చూపినవాళ్లు నాకు ఇంకెవరూ తెలియదు.

ఆ రాతిముఖం చిన్నప్పుడే తయారైంది. తల్లిదండ్రులతో కలిసి వేదికలెక్కిన పిల్లవాడు కీటన్. తండ్రి అతన్ని ఎత్తి విసరడమే ఆ ప్రదర్శన. పట్టుకోవడానికి వీలుగా బట్టలకు వెనక సూట్‌కేస్ పిడి కుట్టారు. తాను నవ్వితే జనం నవ్వరని ఆ వయసులోనే కనిపెట్టాడు. 'షెర్లాక్ జూనియర్' (1924) తీస్తున్నప్పుడు ట్యాంకు నుంచి దూకిన నీటిధార అతన్ని కిందికి తోసేసింది, మెడ రైలు పట్టాకు కొట్టుకుంది. తలనొప్పులు ఓర్చుకుంటూ పనిచేసుకుపోయాడు. మెడపూస విరిగి అతుక్కుందన్న సంగతి ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలో బయటపడింది. మెడ దెబ్బలు ఏం చేయగలవో రోజూ చూసేదాన్ని కాబట్టి అది చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది.

చాప్లిన్‌ని పడేసేవాళ్లకు ముఖాలున్నాయి, హోదాలున్నాయి. 'ది కిడ్' (1921)లో అతను దొరికిన బిడ్డను పెంచుకుంటాడు. పిల్లవాడికి జబ్బు చేస్తే డాక్టరు వస్తాడు, ఆ వెనకే అనాథాశ్రమం బండి వస్తుంది. ఆ బండి గాలికి కొట్టుకొచ్చింది కాదు, ఎవరో ఒకరు పంపితే వచ్చింది. పిల్లవాడిని అందులోకి ఎక్కిస్తారు. వాడు చేతులు చాచి ఏడుస్తాడు. చాప్లిన్ ఇళ్ల కప్పుల మీంచి పరిగెత్తి, బండిలోకి దూకి, బిడ్డను గుండెకు హత్తుకుంటాడు. ఏడేళ్ల వయసులో లండన్‌లో పేదల ఆశ్రమానికి తోలబడ్డవాడు చాప్లిన్. తల్లిని పిచ్చాసుపత్రిలో చేర్చారు. బిడ్డను తల్లి నుంచి విడదీసేది విధి కాదని, మనుషులు రాసుకున్న నిబంధనలని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రారబ్ధమని సరిపెట్టుకుంటే ఆ సినిమా వాళ్లిద్దరూ ఉండే మేడమీది గదిలోనే అయిపోయేది.

'గోల్డ్ రష్' (1925)లో చాప్లిన్‌నీ మంచుతుపాను ఆకలితో మాడ్చింది కదా అనవచ్చు. మాడ్చింది. బూటు ఉడకబెట్టుకుని, మేకుల్ని ఎముకల్లా చీకుతూ విందులా ఆరగిస్తాడు. అక్కడ అతను ఏడవడు. కొత్త సంవత్సరం రాత్రి బల్ల సర్ది, కొవ్వొత్తులు వెలిగించి కూర్చుంటే పిలిచిన అమ్మాయి రాలేదు. ఆ దెబ్బకు తట్టుకోలేకపోయాడు. వాతావరణాన్ని ఓర్చుకోగలిగినవాడికి కూడా మనిషి చేసిన గాయం గాయమే.

1931 నాటి 'సిటీ లైట్స్'లో తాగినప్పుడు కౌగిలించుకుని, మత్తు దిగగానే గెంటేసే ధనవంతుడు ఒకడున్నాడు. దానం పుచ్చుకునేవాడి బతుకు దాత మూడ్ మీద ఆధారపడితే ఎంత ఘోరమో అతన్ని చూస్తే తెలుస్తుంది. చివరి ఘట్టంలో, ఒకప్పుడు చూపులేక అతని సాయం పొందిన పూలమ్మాయి, చూపు వచ్చాక అతన్ని గుర్తుపట్టక, చిరుగుబట్టల చాప్లిన్‌కి జాలిపడి పువ్వూ నాణెమూ ఇవ్వబోతుంది. నాణెం అరచేతిలో పెడుతుంది. వేళ్లు ఆ చేతిని గుర్తుపడతాయి. అక్కణ్ణుంచి ఆమె చేయి మెల్లగా పైకి, అతని కోటు మీదికి వెళుతుంది. కళ్లు చెప్పలేనిది స్పర్శ చెప్పింది. చేతుల్తో పనిచేసేదాన్ని, ఆ కొద్ది క్షణాలు నాకు సినిమాలా అనిపించవు.

గాలి కొట్టిన దెబ్బకూ మనిషి కొట్టిన దెబ్బకూ మధ్య ఈ తేడా గీతలోనూ ఉంది. రెండో అధ్యాయంలో కష్టసుఖాలను ఓర్చుకోమని చెప్పేచోట కృష్ణుడు తీసుకున్న ఉదాహరణ చలీ వేడీ. వస్తాయి, పోతాయి, ఓర్చుకో. అదే అధ్యాయంలో, అదే అర్జునుడికి, లేచి యుద్ధం చెయ్యమనీ చెప్పాడు. రాజ్యం లాక్కున్నవాళ్లను చలిగాలిలా ఓర్చుకోమనలేదు. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషినే, కర్మను కాదనడం లేదు. ఓర్పు ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఆ అధ్యాయమే చెబుతోందంటున్నాను.

ఒకే సమయంలో మా వార్డులో ఇద్దరుండేవాళ్లు. ఒక పెద్దావిడ కడిగిన వాకిట్లో కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. "ఏ మొక్కు తీర్చలేదో తల్లీ, తిరుపతి వెంకన్నకు కోపం వచ్చింది" అని కుమిలిపోయేది. నడవమంటే, ముందు తప్పేంటో తెలియాలనేది. రెండో ఆయన తాపీ పనివాడు. మూడో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. నడుముకు కట్టుకోవడానికి బెల్టు ఇవ్వలేదు, కింద వల కట్టలేదు. అడిగితే తలొంచుకుని, "నా రాత మేడమ్, ఎవర్నని ఏం లాభం?" అన్నాడు. కాంట్రాక్టరు పళ్లు తెచ్చి, అదే మాట ఇంకాస్త నెమ్మదిగా చెప్పి వెళ్లాడు.

ఇద్దరూ తారుమారు చేసుకున్నారు. తడి నేల ఎవరి మీదా పగబట్టదు. పెద్దావిడకు కీటన్ కావాలి: గోడ పడింది, నేను మిగిలాను, ఇప్పుడు కాలు ఎటు వెయ్యాలి? తాపీ మేస్త్రీ పడింది గాలివానకు కాదు. ఆ బెల్టు ఖర్చు మిగుల్చుకున్నవాడు ఒకడున్నాడు, వాడికో ముఖముంది. అతనికి కావలసింది చాప్లిన్.

కీటన్ తన బతుకులో ఈ తేడా దగ్గరే దెబ్బతిన్నాడు. 1928లో స్వతంత్రంగా సినిమాలు తీసుకోవడం మాని ఎంజీఎం కంపెనీలో చేరాడు. వద్దని చెప్పినవాళ్లలో చాప్లిన్ ఒకడు. చాప్లిన్ 1919లోనే మరో ముగ్గురితో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ పెట్టుకుని తన సినిమాలు తన చేతిలోనే ఉంచుకున్నాడు. కీటన్‌కి ఎంజీఎంలో కథ మీద, చిత్రీకరణ మీద పట్టు పోయింది. తాగుడు ముదిరింది, సంసారం చెదిరింది. తుపానును భరించిన ఆ ముఖంతోనే కాంట్రాక్టునూ భరించాడనిపిస్తుంది నాకు. సినిమాలో అతన్ని కాపాడిన సుగుణం అక్కడ కాపాడలేదు. ఎంజీఎంలో చేరడమే తన జీవితంలో అతిపెద్ద తప్పని తర్వాత అతనే చెప్పుకున్నాడు.

పెద్దావిడ వాకర్‌తో ఇంటికెళ్లింది. మేస్త్రీ భార్యకు నేను చెప్పింది ఇక్కడా రాస్తున్నాను, మీకు తెలిసినవాళ్లకు చెప్పండి. పనిచోట గాయపడ్డవాళ్లకు యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం మన దేశంలో 1923లోనే వచ్చింది, 'ది కిడ్' విడుదలైన రెండేళ్లకు. కార్మిక శాఖ కార్యాలయంలో అర్జీ పెట్టుకోవాలి. ప్రమాదం జరిగిన రోజు నుంచి గడువు రెండేళ్లు.