ఓర్పుకు ముందు ఎరుక

ముక్కు దిబ్బడ, కనుబొమల నడుమ బరువు, చెంప ఎముకల కింద సలుపు, తల వంచితే ముఖమంతా ఉబ్బుకొచ్చినట్లు అనిపించడం వంటి బాధ వారాల తరబడి వదలకుండా ఉన్నప్పుడు వైద్యుడి దగ్గరకు వెళ్లాలా, ఓర్చుకోవాలా అన్న ప్రశ్న తత్త్వ విచారణకు తగినంత పెద్దదిగా కనిపించదు. ప్రాణం మీదికి వచ్చిన వ్యాధిలో ఈ సందేహానికి తావే ఉండదు. రోగి నిర్ణయించుకునేలోపే చుట్టూ ఉన్నవారు అతణ్ణి ఆసుపత్రికి చేరుస్తారు. పని చేసుకోనిస్తూనే పట్టి పీడించే మధ్యరకం బాధలో మాత్రం నిర్ణయం పూర్తిగా మనిషి చేతిలోనే ఉంటుంది కనుక, విధి గురించీ ప్రయత్నం గురించీ సహనం గురించీ అతడు నిజంగా ఏమి నమ్ముతున్నాడో అక్కడే బయటపడుతుంది.

ఇలాంటి బాధతో రోజులు నెట్టుకొచ్చేవారు తమకు తాము చెప్పుకునే సమాధానాలు ప్రధానంగా మూడు. ఇది ప్రారబ్ధమనీ, అనుభవిస్తే తప్ప తీరదనీ అనుకోవడం మొదటిది. తగ్గే రాత ఉంటే అదే తగ్గుతుందనీ, లేకపోతే ఎవరికి చూపించుకున్నా ప్రయోజనం లేదనీ తేల్చుకోవడం రెండవది. చిన్న బాధకు చలించకుండా ఓర్చుకోవడమే వివేకి లక్షణమని భావించడం మూడవది. ఈ మూడింటి వెనుకా గౌరవించదగిన తాత్త్విక సంప్రదాయాలు ఉన్నాయి. అయితే ఆ సంప్రదాయాలను వాటి మూల గ్రంథాల్లో పరిశీలిస్తే, ఏమిటో తెలియని బాధకు ప్రారబ్ధమని పేరు పెట్టే అధికారాన్ని అవి ఎవరికీ ఇవ్వలేదనీ, తెలుసుకునే ప్రయత్నం ముగిసిన చోటనే సహనం మొదలవుతుందని చెప్పడానికి వాటిలోనే ఆధారాలున్నాయనీ స్పష్టమవుతుంది.

వేదాంత పరిభాషలో కర్మ మూడు విధాలు. జన్మజన్మల నుంచి పోగుపడినది సంచితం. అందులో ఈ జన్మలో ఫలించడానికి ఆరంభమైన భాగం ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తున్న పనుల వల్ల ఇకముందు ఫలించబోయేది ఆగామి. జ్ఞానం సంచితాన్ని దహించినా, ప్రారబ్ధం మాత్రం అనుభవించడం వల్లనే క్షీణిస్తుందన్నది అద్వైత గ్రంథాల్లో విస్తారంగా కనిపించే సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని అంగీకరించినవాడు కూడా ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది: తన ప్రారబ్ధంలో ఉన్నది ముఖంలో ఈ బరువును ఏళ్ల తరబడి మోయడమా, కొన్ని వారాలు మోసి చికిత్సతో బయటపడటమా అన్నది అతనికి ఎలా తెలిసింది? ఫలం పూర్తిగా వెలువడేదాకా ప్రారబ్ధం స్వరూపం ఎవరికీ కనిపించదు. జరిగిపోయినదాన్ని వెనుదిరిగి చూసి అర్థం చేసుకోవడానికి ఆ మాట పనికివస్తుంది కాని, ముందున్న పనిని మానుకోవడానికి అది ప్రమాణం కాజాలదు.

ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత విమాన స్థానంలోని మూడవ అధ్యాయంలో ఇదే సమస్య ఆయుర్దాయం సందర్భంలో చర్చకు వస్తుంది. ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా, ఉండదా అని శిష్యుడైన అగ్నివేశుడు అడిగినప్పుడు, పూర్వదేహంలో చేసిన కర్మను దైవమనీ, ఈ దేహంతో చేసే కర్మను పురుషకారమనీ గురువైన ఆత్రేయుడు నిర్వచించి, ఈ రెండింటిలో ఏది బలమైనదైతే అది రెండవదాన్ని అణచివేస్తుందని వివరిస్తాడు. అంతా ముందే నిర్ణయమై ఉంటే దీర్ఘాయువు కోరేవారు మంత్రాలనూ ఓషధులనూ ఆశ్రయించడంలో అర్థమే ఉండదన్నది అక్కడి తర్కం. దైవాన్ని ఆత్రేయుడు తోసిపుచ్చలేదు. దాని బలం ఎంతో ముందుగా తెలియదు కనుక ప్రయత్నానికి చోటు మిగిలే ఉందని ఆ చర్చ నుంచి గ్రహించవచ్చు. భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం కూడా కార్యసిద్ధికి అయిదు కారణాలను చెప్పి, అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట అనే నాలుగింటి తరువాత దైవాన్ని అయిదవదిగా లెక్కిస్తుంది. మొదటి నాలుగింటినీ పక్కన పెట్టి అయిదవదానిపైనే భారం వేయడం గీత చెప్పిన లెక్కకు సరిపోదు.

రాత ఉంటే అదే తగ్గుతుందన్న రెండవ సమాధానానికి గ్రీకు తత్త్వశాస్త్రంలో ‘సోమరి వాదం’ అనే పేరు ఉంది. రోమన్ రచయిత సిసిరో క్రీ.పూ. 44లో విధిని గురించి రాసిన గ్రంథంలో ఈ వాదాన్ని వైద్యుడి ఉదాహరణతోనే వివరించాడు. కోలుకోవడమే నీ విధి అయితే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా కోలుకుంటావు, కోలుకోకపోవడమే విధి అయితే పిలిచినా కోలుకోవు, రెండింటిలో ఏదో ఒకటి విధి కనుక పిలవడం వృథా అన్నది దాని స్వరూపం. విధిని గట్టిగా నమ్మిన స్టోయిక్ సంప్రదాయంలోని క్రిసిప్పస్ దీనికి చెప్పిన ప్రత్యుత్తరం గమనించదగినది. కొన్ని ఫలితాలు ఒంటరిగా విధించబడవు, వాటికి దారితీసే పనులతో కలిసి జంటగా విధించబడతాయి. కోలుకోవడం విధి అయితే, వైద్యుణ్ణి పిలవడం కూడా అదే విధిలో భాగం కావచ్చు. కనుక విధిని నమ్మడం వల్ల పనిచేయవలసిన అవసరం తప్పిపోదు. చరకంలోని సమాధానానికీ దీనికీ మూలసూత్రాలు వేరు. ఆత్రేయుడు విధికి హద్దు గీశాడు, క్రిసిప్పస్ హద్దు గీయకుండానే పనిని అందులో ఇమిడ్చాడు. అయినా ఇద్దరి మార్గాలూ రోగిని వైద్యుడి గుమ్మం దాకానే తీసుకువెళ్తాయి.

కర్మ సిద్ధాంతాన్ని బోధించిన బుద్ధుడు ఈ విషయంలో మరింత నిక్కచ్చిగా మాట్లాడినట్లు పాలీ వాఙ్మయం చెబుతుంది. సంయుత్త నికాయంలోని ఒక సూత్రంలో మోలియ సీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనే కలుగుతాయనే శ్రమణ బ్రాహ్మణుల అభిప్రాయాన్ని ప్రస్తావించగా, బుద్ధుడు వేదనలకు ఎనిమిది కారణాలు చెబుతాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, మూడింటి కలయిక, ఋతువుల మార్పు, దేహాన్ని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బ, చివరగా కర్మ విపాకం, అంటే కర్మ పక్వమై ఫలించడం. శ్లేష్మం వల్ల కలిగే బాధను అది అలాంటిదేనని ఎవరైనా స్వయంగా తెలుసుకోగలరనీ, అంతటినీ పూర్వకర్మకే అంటగట్టేవారు తెలిసినదాని హద్దులు దాటిపోతున్నారనీ ఆ సూత్రం తాత్పర్యం. పడిశం, పీనసం వంటి బాధల విషయంలో ఇంతకంటె సూటిగా వర్తించే ప్రమాణం దొరకడం కష్టం.

అయితే స్వయంగా తెలుసుకోవడానికి కూడా ఒక పరిమితి ఉంది. ఇలాంటి బాధకు మూలమని తలచే సైనస్‌లు అంటే ముఖం ఎముకల్లో ముక్కుకు ఆనుకుని ఉండే గాలి గదులు. నుదుటిలో, చెంపల్లో, కళ్లకూ ముక్కుకూ నడుమ, ముక్కు వెనుక లోతున మొత్తం 4 జతలుగా ఉంటాయి. వాటి సన్నని ద్వారాలు వాపుతో మూసుకుపోయినప్పుడు లోపలి శ్లేష్మం బయటికి రాక ఒత్తిడి కలుగుతుంది. కాని అదే చోట అదే బరువును మైగ్రేన్ తలనొప్పి కూడా కలిగించగలదు. పై దవడ పళ్ల వేళ్లలో చేరిన చీము చెంప సైనస్‌కు పాకినా అదే బాధ కలుగుతుంది. తమకు సైనస్ తలనొప్పి ఉందని నమ్మిన దాదాపు 3,000 మందిని పరిశీలించి అమెరికాలో 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వారిలో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్ తరహాకు చెందినవని తేలింది. న్యాయ దర్శనం తన పదహారు పదార్థాల్లో ఒకటిగా లెక్కించే సంశయానికి ఇది చక్కని ఉదాహరణ. మసక వెలుతురులో కనిపించేది మోడా, మనిషా అన్న సందేహం రెండింటికీ సమానమైన ఎత్తు కనిపించి, వేరుచేసే గుర్తు కనిపించనప్పుడు పుడుతుంది. కనుబొమల మీది బరువు ఇక్కడ సమాన ధర్మం. వేరుచేసే గుర్తు ఏమిటో శిక్షణ పొందిన కంటికి తెలుస్తుంది. నైయాయికుల దృష్టిలో సంశయం ఆగిపోవలసిన చోటు కాదు, నిర్ణయం వైపు విచారణను ప్రారంభింపజేసే స్థితి. చరక సంహిత సూత్ర స్థానం పదకొండవ అధ్యాయం కూడా పరీక్షకు ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అనే నాలుగు సాధనాలు చెప్పి, అదే అధ్యాయం చివరిభాగంలో, రోగం చిన్నగా ఉన్నప్పుడు అవివేకి దాన్ని పట్టించుకోడనీ, అది వేరూని బలాన్ని హరించాక సర్వస్వం ఇచ్చైనా వైద్యుణ్ణి తీసుకురమ్మని బంధువులను వేడుకుంటాడనీ హెచ్చరిస్తుంది.

మూడవ సమాధానమైన సహనం నిజంగా బరువైనది. వేదాంతం చెప్పే సాధన చతుష్టయంలో, అంటే జ్ఞానానికి అర్హత కలిగించే నాలుగు సాధనాల్లో, తితిక్ష ఒక అంగం. శంకరుల పేరిట ప్రసిద్ధమైన వివేకచూడామణి ఈ తితిక్షను ప్రతీకారం తలపెట్టకుండా, చింతా విలాపాలు లేకుండా దుఃఖాలన్నింటినీ భరించడంగా నిర్వచిస్తుంది. ప్రతీకారం అంటే ఇక్కడ బాధను తొలగించుకునే ఉపాయం. ఈ నిర్వచనాన్ని అక్షరాలా తీసుకుంటే ముక్కులో మందు చుక్క వేసుకోవడం కూడా సాధనకు భంగమే అవుతుంది. కాని ఆ నిర్వచనం సర్వమూ విడిచి మోక్షాన్నే కోరిన సాధకుణ్ణి ఉద్దేశించినది. సంసార బాధ్యతలు మోస్తూ, తన నిస్సత్తువ భారాన్ని ఇంటిల్లిపాదిమీదా మోపే గృహస్థుకు దాన్ని యథాతథంగా వర్తింపజేయడం అధికారి భేదాన్ని, అంటే ఎవరికి ఏ బోధ తగినదన్న విచక్షణను, విస్మరించడమే. కాళిదాసు కుమారసంభవం అయిదవ సర్గలో తీవ్ర తపస్సులో ఉన్న పార్వతికి, బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు ధర్మ సాధనకు శరీరమే మొదటి ఉపకరణమని గుర్తుచేయడంలోనూ ఈ విచక్షణే ఉంది.

సన్న్యాసుల విషయంలో కూడా అన్ని సంప్రదాయాలూ ప్రతీకారాన్ని నిషేధించలేదు. వినయ పిటకంలోని మహావగ్గంలో పిలిందవచ్ఛుడనే భిక్షువు తల బాధ వృత్తాంతం ఉంది. మొదట తలకు నూనె రాసుకోవడానికి బుద్ధుడు అనుమతిస్తాడు. దానితో తగ్గకపోతే ముక్కులో మందు వేసే చికిత్సను, మందు కారిపోతుంటే దాన్ని పోసే గరిటెను, రెండు ముక్కుపుటాల్లో సమానంగా పడకపోతే జంట గరిటెను, అప్పటికీ తగ్గకపోతే మందు పొగ పీల్చడాన్ని, ఆ పొగకు గొట్టాన్ని వరుసగా అనుమతిస్తాడు. బంగారంతోనో వెండితోనో చేసిన ఆడంబరమైన గొట్టాలను మాత్రం నిషేధిస్తాడు. వైరాగ్యమే వృత్తిగా స్వీకరించినవారి శాసనంలో ఒక తలనొప్పికి ఇన్ని మెట్ల చికిత్స చోటుచేసుకోవడం, నిషేధం భోగానికే పరిమితం కావడం, వైద్యానికీ విరక్తికీ సహజ విరోధం లేదని రుజువు చేస్తాయి.

దీనికి ఎదురుగా ఒక న్యాయమైన ఆక్షేపణ నిలుస్తుంది. ప్రతి తుమ్ముకూ వైద్యుడి దగ్గరకు పరుగెత్తడం దేహం మీది మమకారాన్ని పెంచుతుందనీ, అనవసరమైన మందులకు దారితీస్తుందనీ అనేవారి మాటలో నిజం ఉంది. పడిశం పది రోగాల పెట్టు అన్న సామెత ఒకవైపు ఉండగా, జలుబు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందన్న చమత్కారం కూడా తెలుగునాట అంతే వాడుకలో ఉంది. వైద్యశాస్త్రం ఈ రెండవదాన్నీ సమర్థిస్తుంది: కొత్తగా వచ్చిన సైనస్ వాపుల్లో అధిక భాగం వైరస్ వల్ల కలిగినవి, అవి 7 నుంచి 10 రోజుల్లో తగ్గుముఖం పడతాయి, వాటి మీద యాంటీబయాటిక్‌లు పనిచేయవు. ఆ రోజుల్లో ఆవిరి పట్టుకుని వేచి ఉండటం బద్ధకం అనిపించుకోదు. రోగ స్వభావం తెలిసి వేచి ఉండటం కనుక అది కూడా ఎరుకతో కూడిన ఓర్పే. 10 రోజులు దాటినా తగ్గకపోవడం, తగ్గినట్లే తగ్గి మళ్లీ తిరగబెట్టడం, చిక్కని చీమిడితో పాటు 3, 4 రోజులు తీవ్ర జ్వరం ఉండటం వైద్యుణ్ణి కలవవలసిన సూచనలు. కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం వంటివి కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. మధుమేహం ఉన్నవారికీ, రోగనిరోధక శక్తి తగ్గినవారికీ ఈ గడువులు మరింత కురచవి. కోవిడ్ రెండవ ఉధృతిలో బ్లాక్ ఫంగస్‌గా పేరుపడిన మ్యూకర్‌మైకోసిస్ ఈ ముక్కు దిబ్బడ, చెంప సలుపులతోనే మొదలై కంటికీ మెదడుకూ పాకిన సందర్భంలో, తెలంగాణ ప్రభుత్వం 2021 మే 20న దాన్ని తప్పక నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి దాని చికిత్సకు ప్రధాన కేంద్రమైంది. అలాంటి రోగి తన బాధను ప్రారబ్ధమని సరిపెట్టుకోవడం ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు.

వైద్యుణ్ణి కలవడంతో ప్రతి బాధా తీరుతుందన్న హామీ కూడా లేదు. 12 వారాలు దాటి కొనసాగే సైనస్ వాపును దీర్ఘకాలికమని అంటారు. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, స్టెరాయిడ్ స్ప్రే, అవసరమైతే శస్త్రచికిత్స వంటి ఉపాయాలతో దాన్ని చాలావరకు అదుపులో ఉంచవచ్చు కాని, కొందరిలో అది మళ్లీ మళ్లీ తలెత్తుతూనే ఉంటుంది. తితిక్షకు సరైన స్థానం ఇక్కడ ఉంది. చేయదగినది చేసి, మిగిలినదాన్ని చింతా విలాపాలు లేకుండా భరించేవాడు, శీతోష్ణాల వలె వచ్చిపోయే స్పర్శలను సహించమని గీత రెండవ అధ్యాయం చేసిన బోధను నిజంగా ఆచరిస్తున్నాడు. ఎడమ మోచేతి దగ్గర వచ్చిన కణితికి 1949లో రమణ మహర్షి పలుమార్లు శస్త్రచికిత్స జరగనిచ్చి, చేతిని తొలగించాలన్న సూచనను మాత్రం అంగీకరించకపోవడంలో ఈ రెండు దశలూ కనిపిస్తాయి. 1950 ఏప్రిల్ 14న ఆయన దేహం చాలించేవరకు వైద్యులు వస్తూనే ఉన్నారు, ఆయన నిబ్బరమూ చెదరలేదు.

కనుక ఓర్చుకోవాలా, వెళ్లాలా అన్న ద్వంద్వం సరిగా కూర్చిన ప్రశ్న కాదు. ఆ రెండూ వేర్వేరు దశలకు చెందిన ధర్మాలు. వైద్యుడి దగ్గరకు వెళ్లడం అన్నింటికంటె ముందు ఒక సంశయాన్ని నిర్ణయంగా మార్చుకునే జ్ఞాన వ్యాపారం, మందు ఆ తరువాతి సంగతి. ఆ నిర్ణయం తరువాత ప్రయత్నానికి లొంగని శేషం ఏదైనా ఉంటే, దాన్ని ప్రారబ్ధమని పిలిచినా, దేహ స్వభావమని పిలిచినా, ఆ పేరు పెట్టే అర్హత అప్పటికి రోగికి వచ్చి ఉంటుంది.