మాతృభాష గడిలో ఏం రాయాలి?

మా ఆపా కూతురు లింగ్విస్టిక్స్‌లో ఎం.ఏ. పూర్తి చేసి పిహెచ్‌.డి. సీటు కోసం దరఖాస్తు నింపుతోంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్నీ గబగబా కొట్టేసిన పిల్ల ఒకచోట ఆగిపోయింది. 'మాతృభాష' అన్న గడి నొక్కితే తెర మీద ఇరవై రెండు భాషల జాబితా తెరుచుకుంది. అందులో ఉర్దూ ఉంది, తెలుగు ఉంది. మేం ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం లేదు. "మామూ, ఏం రాయను?" అంది. నలభై ఏళ్ళు దాటినా, రెండు భాషల పత్రికల్లో పనిచేసినా మా దగ్గర జవాబు లేదు.

ఈ గడిని మేమూ చాలాసార్లు నింపాం. బడిలో వేసినప్పుడు పంతులుగారే 'తెలుగు' అని రాసుకున్నారు. కాలేజీలో ఒక పెద్దాయన హితవు విని 'ఉర్దూ' అని రాశాం. 2011 జనాభా లెక్కలకు వచ్చినావిడ మమ్మల్ని అడగనే లేదు. అబ్బా పేరు విని ఉర్దూ అని తనే వేసుకుంది. పక్క వీధిలోని దూదేకుల కుటుంబం పేర్లు విని కూడా అట్లాగే వేసుకుని ఉంటే, ఇంట్లో తెలుగు తప్ప మరో మాట ఎరగని వాళ్ళు కూడా ఆ రోజున ఉర్దూ వాళ్ళైపోయి ఉంటారు.

ఇంతకీ మేం మాట్లాడేదేమిటి? "కల్ ఆతూఁ బోల్కే బోల్యా" అంటాం. రేపు వస్తానని చెప్పాడు. ఈ 'బోల్కే' ఏ లక్నో ఉర్దూలోనూ లేదు. అది మన తెలుగు 'అని'. 'అను' నుంచి తెలుగువాడు 'అని' చేసుకున్నట్టే 'బోల్' నుంచి మా పూర్వీకులు 'బోల్కే' చేసుకున్నారు. 'ఎందుకంటే' అనడానికి 'కైకూ బోలేతో' అంటాం. ఎందుకు, అంటే. ముక్కకు ముక్క సరిపోయింది. 'మీరు చెప్పిన మాట' అనడానికి 'తుమే బోలే సో బాత్' అంటాం. ఆ 'సో' అనే చిన్న ముక్క మీద హర్బీర్ అరోరా, కె.వి. సుబ్బారావు 1989లో ఒక పరిశోధన పత్రమే రాశారు. 'నక్కో' మరాఠీ నుంచి వచ్చింది. 'అబ్బీచ్' చివర ఒత్తి పలికే 'చ్' కూడా అక్కడిదే. 2000లో కె.ఎస్. ముస్తఫా దక్కనీకి వర్ణనాత్మక వ్యాకరణం వెలువరించారు. అంటే మేం తప్పులనుకుని సిగ్గుపడినవన్నీ సూత్రాలున్న మాటలే.

సిగ్గుపడ్డామని ఊరికే అనడం లేదు. మొదటి ఉద్యోగంలో ఒక ఉర్దూ పత్రిక డెస్కు మీద మేం 'బోల్కే' అన్నప్పుడల్లా ఉత్తరాది సీనియరు ఒకాయన పడిపడి నవ్వేవాడు. అక్కడ ఉండలేక తెలుగు పత్రికకు మారితే, "మీ తెలుగు భలే బాగుందండీ!" అన్న మెచ్చుకోలు ఎదురైంది. తెలుగు నేల మీద పుట్టి తెలుగు మీడియంలో చదివినవాడి తెలుగు బాగుంటే ఆశ్చర్యమేమిటి? ఆ నవ్వు, ఈ మెచ్చుకోలు రెండూ ఒకే చోట గుచ్చుకునేవి. 'గుమ్‌నామ్' సినిమాలో (1965) మెహమూద్ మా యాసతో దేశమంతా నవ్వించాడు. తెలుగు సినిమాలో సాయిబు పాత్ర నోరు తెరిస్తే హాలు గొల్లుమనేది. మేమూ నవ్వేవాళ్ళం. ముషాయిరాల్లో దక్కనీ కవిని పిలిచేది హాస్యానికే. ఏడవడానికి మా భాష పనికిరాదని మేమే ఒప్పుకున్నట్టయింది.

ఒకప్పుడు ఇది దర్బారు భాష. బీదరులో నిజామీ 'కదంరావు పదంరావు' రాసింది పదిహేనో శతాబ్దంలో. గోల్కొండలో వజ్హీ 'సబ్‌రస్' వచనం 1635 నాటిది. ఢిల్లీలో ఉర్దూ కవిత్వం ఊపందుకునే సరికి ఇక్కడ దక్కనీకి రెండు వందల ఏళ్ళ కావ్య చరిత్ర ఉంది. లండన్, ప్యారిస్‌లలో ధ్వనిశాస్త్రం చదివి వచ్చిన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఆ చరిత్రను దుమ్ము దులిపి బయటకు తీశారు. 1931లో హైదరాబాదులో 'ఇదారె అదబియాతె ఉర్దూ' స్థాపించి రాతప్రతులు పోగేశారు. ఆయన చేసిన పనికి మేం రుణపడి ఉన్నాం. ఆ రాతప్రతుల్లో మాట్లాడే వాళ్ళు రాజులు, సూఫీలు, కవులు. మా నానీ లాంటి మనిషి నోటి మాటను రికార్డు చేసే కాలం చాలా ఆలస్యంగా వచ్చింది.

ఇక్కడ మరో నిజం కూడా చెప్పుకోవాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. వైద్యం, ఇంజనీరింగు సహా దేశభాషలో చెప్పిన చదువుగా దాన్ని మేం గర్వంగా తలుచుకుంటాం. కానీ ఆ తరగతి గదిలో కూర్చున్న తెలుగు పిల్లవాడికి అది తన భాష కాదు. వాడి బాధను మేం తలుచుకోం. ఆ పుస్తకాల ఉర్దూ ఊళ్ళలోని మా తాతలకూ అర్థమయ్యేది కాదు, అది వేరే సంగతి. అర్థం కాకపోయినా 'పాలకుల భాష' అన్న ముద్ర మాత్రం వాళ్ళ నుదుటే పడింది.

మరి ఈ పిల్లకు దారులేమున్నాయి? లేవనడానికి వీల్లేదు. ఉస్మానియాలో భద్రిరాజు కృష్ణమూర్తిగారు నిలబెట్టిన భాషాశాస్త్ర శాఖ ఉంది. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ, మైసూరులో 1969 నుంచి పనిచేస్తున్న కేంద్రీయ భాషా సంస్థ, కర్నూలులో అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఇవన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి. నెట్ పరీక్షలో తెలుగు, ఉర్దూ, లింగ్విస్టిక్స్ మూడూ ఉన్నాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో యంత్రాలకు మన భాషలు నేర్పే పని ఏళ్ళ తరబడి సాగుతోంది. 2022లో కేంద్రం మొదలుపెట్టిన 'భాషిణి' తర్వాత గొంతులు రికార్డు చేయడానికి, మాటలకు గుర్తులు పెట్టడానికి మనుషులు కావలసి వస్తున్నారు. భాష చదివితే ఉద్యోగమెక్కడిదని మా రోజుల్లో అడిగిన వాళ్ళు ఇప్పుడు కొంచెం తగ్గారు.

అయితే ఈ పనులన్నిటికీ కొలత ఆ ఇరవై రెండు భాషల జాబితాయే. గొంతు రికార్డు చేసే పని ఒకటి మా పిల్లకు కొన్నాళ్ళు దొరికింది. ఉర్దూ విభాగం. 'బోల్కే' వినిపిస్తే ఆ ముక్కను తీసేయమన్నారు, శుద్ధమైన ఉర్దూ కాదట. రేపు ఫోనులో యంత్రం "చెప్పండి" అన్నప్పుడు పాతబస్తీ ముసలమ్మ చెప్పింది దానికి అర్థం కాదు. పోనీ, కనుమరుగవుతున్న భాషల్ని కాపాడే పథకం ఉందిగా అంటే, 2013లో మొదలైన ఆ పథకం పదివేల కంటే తక్కువ మంది మాట్లాడే భాషలకు. మేం లక్షల్లో ఉన్నాం. కాపాడడానికి ఎక్కువైపోయాం, లెక్కపెట్టడానికి తక్కువైపోయాం. మైనారిటీ విద్యార్థుల పరిశోధనకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో ఎత్తేశారు. దాని మీద ఆశ పెట్టుకున్న పిల్లలు మా ఎరుకలోనే నలుగురున్నారు. ఇద్దరు ఇప్పుడు ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పుకుంటున్నారు.

గడి సంగతి ఇంట్లో పెద్ద చర్చయింది. ఉర్దూ అనే రాయాలన్నాడు మా భాయీజాన్. 2017లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండో అధికార భాష అయిందంటే మన లెక్క వల్లే, దక్కనీ అని రాసుకుంటూ పోతే ఉర్దూ బడికి రేపు పంతులుండడని ఆయన భయం. ఆ భయం అబద్ధం కాదు. 2021లో జరగవలసిన జనాభా లెక్కలు 2027కు వాయిదా పడ్డాయి. రేపు లెక్కల మనిషి గుమ్మంలో నిలబడితే నిజం చెప్పాలా, పనికొచ్చేది చెప్పాలా? మా ఇంట్లోనే రెండు జవాబులున్నాయి. మా పిల్ల అడిగిన ప్రశ్న ఇంకా ఇరుకైనది. మన వ్యాకరణం సగం తెలుగుదని నేను థీసిస్‌లో రుజువు చేస్తే ఎవరేం చేసుకుంటారు మామూ? ఒకరు 'చూశారా, వీళ్ళు ఉర్దూవాళ్ళే కాదు' అంటారు. ఇంకొకరు 'చూశారా, వీళ్ళంతా మతం మారిన వాళ్ళే' అంటారు. 

మేం ఆమెకు కుప్వాడ్ సంగతి గుర్తుచేశాం. ఆమెకు తెలియనిది కాదు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా ఊరు. గంపర్జ్, విల్సన్ అక్కడి మాటల్ని పరిశీలించి 1971లో ప్రచురించారు. ఉర్దూ మాట్లాడే ముస్లింలు, కన్నడం మాట్లాడే జైనులు, మరాఠీ మాట్లాడే వాళ్ళు వందల ఏళ్ళు కలిసి బతికి, వాక్యాల అమరిక మూడు భాషల్లోనూ ఇంచుమించు ఒక్కటే చేసుకున్నారు. మాట తీసి మాట పెడితే సరిపోతుంది. అయినా ఎవరింటి మాటలు వాళ్ళు వదులుకోలేదు. బజారులో కలవడానికి వ్యాకరణాన్ని ఇచ్చిపుచ్చుకున్నారు, ఇంట్లో తమను తాము గుర్తుపట్టడానికి మాటల్ని ఉంచుకున్నారు. తెలుగువాళ్ళు కూడా ఇచ్చినవాళ్ళే కారు, పుచ్చుకున్నవాళ్ళు కూడా. 'రైతు' అన్న మాటే అరబ్బీ నుంచి వచ్చింది. దున్నేవాడి పేరు అరువు తెచ్చుకున్న భాష ఏమీ చిన్నబోలేదు కదా. కాబట్టి రుజువు చెయ్యి, భయపడకు అన్నాం. ఇంత తేలిగ్గా చెప్పాం, ఎందుకంటే అప్పటికి నానీ సంగతి మాకు తెలియదు.

నానీకి ఎనభై అయిదు. పుట్టింది జహీరాబాదు దగ్గరి ఊళ్ళో, అప్పట్లో అది బీదరు జిల్లా. రికార్డు చేస్తానని పిల్ల కూర్చుంటే, "హమారీ టూటీఫూటీ బాత్ లేకే క్యా కర్తే మా?" అంది. మా విరిగిన మాటతో ఏం చేసుకుంటారమ్మా, అని. సమ్మతి పత్రం ఉర్దూలో ఉంది. అందులో సగం మాటలు నానీకి తెలియవు. పిల్ల దాన్ని దక్కనీలో చెప్పి వేలిముద్ర వేయించుకుంది. మూడు రోజులు వంటల గురించి, పెళ్ళిళ్ళ గురించి, ముహర్రం పీరీల గురించి నానీ హాయిగా మాట్లాడింది. నాలుగో రోజు ఎవరూ అడగకుండానే పోలీసు యాక్షన్‌లోకి వెళ్ళిపోయింది.

1948 సెప్టెంబరు తర్వాత బీదరు, గుల్బర్గా, ఉస్మానాబాదు, నాందేడు జిల్లాల్లో ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రాసి ఇచ్చింది. ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయి ఉంటారని దాని అంచనా. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు. మా ఇంట్లోనూ అంతే, డెబ్బై ఏడేళ్ళు నానీ నోరు విప్పలేదు. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తనను, తన చెల్లెల్ని పక్కింటి సాకలామె దాచిపెట్టింది. దాచిపెట్టి ఒక మాట చెప్పింది. మీ మాట మాట్లాడితే పట్టుకుపోతారు, ఏం మాట్లాడొద్దని. నానీ ఆ మాటను ఆమె తెలుగులోనే, ఆమె గొంతుతోనే చెప్పి, చివర 'బోల్కే' అని ముగించింది. మొదలంతా తెలుగు, ముడి దక్కనీ. ఇంత చక్కటి ఉదాహరణ దొరకదని, థీసిస్‌కు అదే ప్రాణమని గైడు అన్నారట.

మర్నాడు నానీ, "వో నక్కో రఖ్, మిటా దే" అంది. అది ఉంచొద్దు, చెరిపెయ్ అని.

మేం చెరిపెయ్యమన్నాం. పిల్ల ఒప్పుకోలేదు. ఇప్పటికే అందరూ చెరిపేశారు, నేను కూడానా అంది. మేం గట్టిగా మాట్లాడలేకపోయాం. ఇరవై ఏళ్ళ విలేకరి వృత్తిలో మేం ఎంతమంది ఏడుపును అడగకుండా అచ్చు వేశామో మాకు తెలుసు. ఒక అల్లర్ల వార్తలో ఒకామె అన్న మాటనే శీర్షిక చేశాం. ఆ తర్వాత ఆమె మాకు సలాం చెప్పడం మానేసింది. ఆ వార్తకు మాకు మంచి పేరొచ్చింది. 1962లో వెలువడిన వ్యవసాయ పదకోశం కోసం కృష్ణమూర్తిగారి బృందం రైతుల దగ్గర మాటలు సేకరించింది. ఎవరి దగ్గరైనా నాగలి పేరు తీసుకోవచ్చు. ఇది నాగలి పేరు కాదు.

పిల్ల మళ్ళీ వెళ్ళి అడిగింది. జరిగిందని చెప్పుకోండి, నా గొంతు వద్దు, ఆ మాట ఉన్నదున్నట్టు వద్దు అంది నానీ. అందుకే ఇక్కడ కూడా ఆ వాక్యం రాయలేదు. ఎందుకు వద్దు నానీమా అంటే, "వో మేరీ బాత్ నై మా, ఉస్కీ బాత్ హై. ఉస్‌కూ పూఛ్" అంది. అది నా మాట కాదు, ఆమెది, ఆమెనడుగు.

ఆమె ఎప్పుడో పోయింది. మా పిల్ల మాత్రం మొన్న ఎండలో బస్సెక్కి ఆ ఊరు వెళ్ళింది. సాకలామె మనవడు రోడ్డు మీద ఇస్త్రీ దుకాణం నడుపుతున్నాడు. ముస్లిం పిల్లల్ని తమ నాయనమ్మ దాచిందన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చాలాసేపు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వింటూ కూర్చున్నాడట. వెళ్ళేటప్పుడు, "మా నాయనమ్మ ఏమన్నదో ఆ మాట ఒక్కసారి వినిపిస్తావా అక్కా" అని అడిగాడు. రికార్డు సంచీలోనే ఉంది. నానీని అడిగి వస్తానని చెప్పి తిరిగొచ్చింది.