లేడిపిల్లా, చెవులపిల్లీ

మా మరిది ఆదివారాలు వచ్చినప్పుడల్లా భాగవతంలోని భరతుడి కథ ఎత్తుతాడు. హాల్లో ఒక మూల ఇనప కంచె కట్టి, గోనెపట్టా పరిచి, గరిక వేసి ఉంచిన కుందేలును చూసి, "వదినా, రాజ్యం వదిలినవాడే లేడిపిల్లను వదల్లేక మళ్లీ జన్మలో లేడయ్యాడు. మీరు చెవులపిల్లి అవుతారు చూసుకోండి" అంటాడు. కుందేలై పుట్టడం మరీ అంత తక్కువేం కాదు, జాతక కథల్లో బోధిసత్వుడే కుందేలై పుట్టి అతిథి ఆకలి తీర్చడానికి నిప్పుల్లో దూకాడని జవాబు చెబుతాను. నవ్వుకుంటాం. కానీ అతను వెళ్లాక ఆ ప్రశ్న మిగిలే ఉంటుంది. భూతదయ ఉండాలంటారు, మమకారం వద్దంటారు. మొదటిది ఎక్కడ ముగిసి రెండోది ఎక్కడ మొదలవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. బడిలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పినదాన్ని, భరతోపాఖ్యానం చాలాసార్లే చదివాను. ఇంట్లో కుందేలుండగా చదవడం మాత్రం వేరు.

దాని పేరు బెల్లం. రంగును బట్టి పెట్టిన పేరే. జంతువులను చేరదీసే ఒక చిన్న బృందంలోని అమ్మాయి అట్టపెట్టెలో తెచ్చింది. ఎవరో పిల్లాడి పుట్టినరోజుకు సంతలో కొన్నారట. గడ్డం ఎప్పుడూ తడిగా ఉంటోంది, వాసన వస్తోంది అని పార్కులో వదిలేసి పోయారట. "ఎవరైనా దత్తత తీసుకునేదాకా ఉంచుకోండి ఆంటీ, మీకైతే ఓపిక ఉంటుంది" అంది. రిటైరైన వాళ్లకు ఓపిక తప్ప ఇంకేం ఉండదని ఈ కాలం పిల్లల నమ్మకం.

కుందేలుకు 28 పళ్లు. పైన ముందు రెండు పెద్దవి, వాటి వెనక నక్కిన రెండు చిన్నవి, కింద రెండు. తక్కిన 22 దవడ పళ్లు. ఇవన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి దాదాపు రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డి నమిలినప్పుడు అందులోని సిలికా వాటిని అరగదీయాలి, పై పన్నూ కింది పన్నూ ఒకదాన్నొకటి ఒరుసుకోవాలి. అప్పుడే లెక్క సరిపోతుంది. బెల్లానికి పై దవడ కురచ. అందుకే కింది పళ్లు ముందుకొచ్చి బయటికి వంగాయి. లోపల దవడ పళ్ల అంచులు ముళ్లు తేలి నాలుకను కోస్తున్నాయి. గడ్డి దగ్గరికి ఆశగా వెళ్లి, ఒక పోచ నోట పట్టుకుని, రెండుసార్లు నమిలి వదిలేసేది. తర్కశాస్త్రంలో లోకంలో లేని వస్తువుకు ఉదాహరణ కావలసి వస్తే కుందేటి కొమ్ము అంటారు. ఆ పండితులకు దీని నోరు చూపించాల్సింది.

డాక్టరుగారు మత్తిచ్చి, దంతవైద్యుల దగ్గర గిర్రున తిరుగుతుందే, అలాంటి మిషన్‌తో అరగదీశారు. గోళ్ల కట్టరుతో ఇంట్లో కత్తిరించే పని పెట్టుకోవద్దన్నారు. పన్ను నిలువునా చీలితే దెబ్బ వేరుదాకా పోతుందట. మనుషులకైతే మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉంచుతారు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి దానికి ఆ అవసరం లేదు, పస్తు పెడితేనే ముప్పు. పూటంతా తినకపోతే పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఇంటికొచ్చాక గడ్డిపొడిని గోరువెచ్చని నీళ్లలో జావలా కలిపి, సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెం పట్టేదాన్ని. నొప్పి మందు వేయడం, గడ్డం తుడిచి ఆరబెట్టడం, వంటింటి త్రాసు మీద తూచడం, పెంటికలు ఎన్ని పడ్డాయో, ఎంత లావున్నాయో చూడడం కూడా నా పనులే. ఏడింటికి పూర్తయ్యే సహస్రనామం ఎనిమిదిన్నరకు జరిగింది.

ఇక్కడే మరిది మాట గుచ్చుకుంటుంది. భరతుడికీ ఇలాగే జరిగింది. గండకీ తీరంలో, పులహాశ్రమంలో తపస్సు చేసుకుంటున్నాడు. నీళ్లు తాగడానికొచ్చిన చూలు లేడి సింహగర్జనకు బెదిరి ఏటి మీదికి దూకింది. పిల్ల జారి నీళ్లలో పడింది, తల్లి చనిపోయింది. ఆయన పిల్లను తెచ్చుకున్నాడు. తర్వాత ఒక్కో నియమమూ జారిపోయింది.

నాకు జపం ఆలస్యమైందే గానీ ఆగలేదు. అయినా నా సమాధానం అది కాదు. ఏ శబ్దమూ చేయని ప్రాణి నొప్పిని కనిపెట్టడానికి కావలసిన ఏకాగ్రత నాకు జపంలో ఎన్నడూ కుదరలేదు. కుందేలు వేటకు బలయ్యే జాతి, నొప్పి దాచుకోవడం దాని స్వభావం. పళ్లు మెల్లగా ఆడిస్తే సుఖంగా ఉన్నట్టు, గట్టిగా నూరితే బాధలో ఉన్నట్టు. ఆ తేడా వినాలంటే ఫ్యానూ ఆపాలి, మనసూ ఆపాలి. దీన్ని సాధన కాదనేవాళ్లతో నాకు వాదించే ఓపిక లేదు.

ఎదురింటావిడ దాని నోరు చూసి, పూర్వజన్మ కర్మ అంది. ఆ మాట నేను ఒప్పుకోను. ముఖం గుండ్రంగా, ముక్కు పొట్టిగా ఉంటే ముద్దుగా ఉంటుందని మనుషులు తరాల తరబడి అలాంటివాటినే ఎంచి పెంచారు. పళ్లకు చోటు చాలకుండా పోయింది. ఆపైన గడ్డి మాని గింజలూ, బిస్కెట్లూ, క్యారెట్లూ పెడితే అరుగుదల ఉండదు. కర్మ ఉందంటే ఉందనుకుందాం, కర్త మాత్రం బెల్లం కాదు. పూర్వజన్మల దాకా ఎందుకు, సంతలో పంజరం దాకా వెళ్తే చాలు.

బెల్లం కోలుకుంది. గరిక తినడం మొదలుపెట్టింది, కొత్తిమీర కట్ట విప్పిన చప్పుడుకు పరుగెత్తుకొచ్చేది. దత్తత కోసం వచ్చినవాళ్లకు నేనే అన్నీ చెప్పేదాన్ని. ఈ పళ్లు కొన్ని వారాలకోసారి అరగదీయిస్తూ ఉండాలి, లేదా ముందు పళ్లు పూర్తిగా తీయించాలి. అవి తీసేసినా ఆకులు తరిగి పెడితే పెదవులతో అందుకుని హాయిగా తింటుంది. ఖర్చు ఏటేటా ఉంటుంది. పిల్లల ఆట కోసం వచ్చినవాళ్లు ఇది విని మర్యాదగా వెళ్లిపోయారు. చివరికి ఒక యువజంట వచ్చింది. వాళ్లింట్లో ఇంతకుముందే ఒక ముసలి కుందేలుంది. సిరంజి పట్టుకోవడం ఎలాగో చెప్పబోతే ఆ అబ్బాయే నాకు ఇంకా సుళువైన పద్ధతి చూపించాడు.

అప్పుడు నా నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది: "ఇంకా పూర్తిగా కోలుకోలేదు, వచ్చే నెల రండి." ఎవరూ తప్పుపట్టలేని మాట. డాక్టరుగారిని అడిగినా, ఇంకో నెల ఉంచితే నష్టం లేదనేవారే. నేను ఆ మాట అనలేదు. కానీ దయకూ మమకారానికీ మధ్య చాలాకాలంగా వెతుకుతున్న గోడ నాకు అక్కడే కనిపించింది. బెల్లానికి నా అవసరం తీరకుండా ఉంటే బాగుండునని లోపల ఎవరో కోరుకోవడం మొదలుపెట్టారు. అంతవరకూ నాలో ఉన్నది దయ, ఆ క్షణంలో తల ఎత్తింది మమకారం. పంపినప్పుడు కలిగిన దుఃఖాన్ని మాత్రం నేను దోషంగా లెక్కపెట్టను.

ఈ ఎరుకతో మళ్లీ కథ తెరిచాను. తెలుగు భాగవతంలో పంచమ స్కంధం పోతన చేతిది కాదు, గంగన రాసింది. అందుకేనేమో ప్రహ్లాదుడూ గజేంద్రుడూ వచ్చినంత చనువుగా భరతుడు మన నోళ్లకు రాడు. కథలో లేడిపిల్ల పెరిగి పెద్దదైంది, తనంతట తాను అడవిలోకి వెళ్లి మేయగలుగుతోంది. అది కనబడకపోతే కలవరపడి విలపించినవాడు భరతుడే. లేడికి ఆయన అవసరం తీరిపోయింది, ఆయనకు లేడి అవసరం తీరలేదు. ఏట్లోంచి పైకి తీయడాన్ని నేరమని నేను చదవలేను.

ఆ తర్వాతి జన్మ సంగతి చాలామంది పూర్తిగా చెప్పరు. లేడి జన్మ అయ్యాక ఆయన జడభరతుడై పుట్టాడు. సింధు సౌవీర రాజు రహూగణుడి పల్లకి మోయడానికి పట్టుకుపోయారు. పల్లకి కుదుపులకు రాజు మండిపడ్డాడు. ఎందుకు కుదిపాడు? కాలి కింద ఏ ప్రాణీ నలగకూడదని బాణమంత దూరం నేల చూసి అడుగులు వేస్తున్నాడు కాబట్టి. తోటి బోయీలతో నడక కలవలేదు. అంటే మూడో జన్మకు వచ్చేసరికి 'నాది' అనే పట్టు ఊడిపోయింది, చిన్న ప్రాణి మీద ధ్యాస మాత్రం ఇంకా పెరిగింది. లేడిని వదలడమంటే దయను వదలడమని ఆయన అనుకుని ఉంటే ఆ పల్లకి సాఫీగానే సాగేది.

పురాణం చెప్పే పెద్దలకు నా మనవి ఒక్కటే, కథను లేడిపిల్ల దగ్గర ఆపేయకండి, పల్లకి దాకా చెప్పండి. ఇక చదివేవాళ్లకు: పుట్టినరోజు కానుకగా కుందేలును కొనకండి. ఇంట్లో ఒక మూల ఖాళీగా ఉండి, రోజూ గడ్డి తెచ్చి, బరువు చూసే తీరిక ఉంటే, మీ ఊళ్లో జంతువులను చేరదీసే వాళ్లను కలిసి కొన్ని వారాలు ఒకదాన్ని ఉంచుకుంటామని చెప్పండి.