గీతకు అవతల

కోవిల్‌పట్టి అనగానే అగ్గిపెట్టెలూ, కడలై మిఠాయీ గుర్తుకు వస్తాయి. ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ ఊరిని ఎరిగినవాళ్ళకు మూడో సంగతీ తెలుసు, అది హాకీ. లక్ష్మీ అమ్మాళ్ స్మారక పోటీలకు దేశం నలుమూలల నుంచీ జట్లు వస్తాయి. విరుదునగరంలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను సాత్తూరు మీదుగా బస్సులో వెళ్ళి ఆ ఆటలు చూసేవాణ్ణి. అందరూ బంతిని చూస్తూ ఉంటే నా చూపు మాటిమాటికీ గీతకు అవతల నిలబడ్డ మనిషి మీదికి పోయేది. ఒకప్పుడు అతనూ ఆడినవాడే. ఇప్పుడు కర్ర ముట్టడానికి వీల్లేదు. కేకలు వేయవచ్చు, ఒకణ్ణి వెనక్కి పిలిచి ఇంకొకణ్ణి పంపవచ్చు, అంతే. ఫలితం మాత్రం అతని ఖాతాలోనే రాస్తారు. ఇది న్యాయమేనా?

కోచ్ అన్న మాటకు తెలుగులో శిక్షకుడు అంటున్నాం. నేర్పడమూ, దండించడమూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. మన భాష తెలిసే చేసిందో, తెలియక చేసిందో గాని, ఇందులో దండన ఎక్కువగా నేర్పేవాడికే పడుతుంది.

మన రాష్ట్రానికే చెందిన వాసుదేవన్ భాస్కరన్‌ను తీసుకుందాం. 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో ఆయన భారత జట్టు కెప్టెన్. బహిష్కరణ వల్ల చాలా దేశాలు రాలేదు, పోటీలో మిగిలినవి ఆరు జట్లే. వాటిలో పోలెండ్‌తో మనవాళ్ళు 2-2తో సరిపెట్టుకున్నారు. అయినా ఫైనల్ చేరి, స్పెయిన్‌ను 4-3తో ఓడించి స్వర్ణం తెచ్చారు. ఇరవై ఏళ్ళ తరువాత, 2000లో, సిడ్నీ ఒలింపిక్స్‌కు అదే భాస్కరన్ కోచ్‌గా వెళ్ళారు. మళ్ళీ అదే పోలెండ్. గెలిస్తే సెమీఫైనల్. మనవాళ్ళు ఒక గోలు ముందుండి, ఆట ముగియబోతుండగా గోలు ఇచ్చుకున్నారు. 1-1. చివరికి దక్కింది ఏడో స్థానం. మన హైదరాబాదు ముకేశ్ కుమార్ కూడా ఆడిన జట్టది.

రెండుసార్లూ ప్రత్యర్థి ఒక్కటే, రెండుసార్లూ సమానమే, మనిషీ ఒక్కడే. మొదటిసారి ఆయన గీతకు లోపల ఉన్నాడు. ఆ డ్రా తరువాత చేతిలో కర్ర ఉంది, ముందు ఇంకా ఆటలు ఉన్నాయి. రెండోసారి అవతల ఉన్నాడు. 1998 ప్రపంచకప్పులో ఆయన శిక్షణలోని జట్టుకు తొమ్మిదో స్థానం, 2006లో పదకొండో స్థానం. ఆడినప్పుడు సమర్థుడు, ఆడించినప్పుడు అసమర్థుడు అని ఒక్క వాక్యంలో తీర్పు చెప్పేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఆ తీర్పు నాకు రుచించదు.

నేను కామర్సు చదివినవాణ్ణి, తత్త్వశాస్త్రం నాకు రాదు. నాకు తెలిసిన లెక్కలో చెబుతాను. మిరపకాయల వ్యాపారి అప్పు తీసుకుంటాడు, ఇంకొకాయన పూచీ సంతకం పెడతాడు. వ్యాపారి కట్టకపోతే పూచీదారు కట్టాలి. తాను ఒక్క రూపాయి తినలేదంటే చట్టం వినదు, వినకూడదు కూడా. అయితే కట్టిన ఆ మనిషిని ఎవరైనా ఎగవేతదారు అంటారా? అనరు. బాకీ వేరు, దోషం వేరు. సంతకం పెట్టే ముందు అవతలి మనిషి ఎలాంటివాడో విచారించాడా లేదా అన్న ఒక్కచోటే పూచీదారు మనస్సాక్షికి జవాబు చెప్పుకోవాలి. జట్టును ఎంచడమూ, తయారుచేయడమూ శిక్షకుడి విచారణ. ఆఖరి నిమిషంలో ఒకడి కర్ర కింద నుంచి బంతి జారిపోవడం ఆ విచారణలోకి రాదు. ఓటమిని తనదిగా ఒప్పుకోవడం అతని ధర్మం. దాన్ని అతని తప్పుగా రాసుకోవడం మన అన్యాయం.

పూచీదారుకు ఇంకో కష్టం ఉంది. అప్పు సక్రమంగా తీరితే ఆయన పేరు ఎవరికీ గుర్తుండదు. భాస్కరన్ నాయకత్వంలో మాస్కోలో ఆడిన ఎం.కె. కౌశిక్ 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలకు కోచ్. 1966 తరువాత ముప్ఫై రెండేళ్ళకు మనకు అక్కడ హాకీ స్వర్ణం వచ్చింది. ఆ తరువాత కొద్ది కాలానికే కెప్టెన్ ధనరాజ్ పిళ్ళైతో సహా పలువురు ఆటగాళ్ళను పక్కన పెట్టారు, కౌశిక్‌నూ తప్పించారు. ఓడినవాడి ఉద్యోగం పోతే లెక్క అనుకోవచ్చు. గెలిచినవాడిదీ పోతే దాన్ని ఏ పద్దులో రాయాలి? కౌశిక్ 2021లో కోవిడ్‌తో పోయారు.

ఇంతకీ ఆ గీత ఎందుకు? దానివల్ల శిక్షకుడికి బాధే గాని, కుర్రవాళ్ళకు అదే రక్ష. మా వృత్తిలో అలాంటి గీత లేదు. నోట్లు లెక్కించడంలో చేయి తిరిగిన క్యాషియర్ ఆఫీసరవుతాడు. కౌంటరు ముందు వరస పెరిగితే చాలు, కొత్తగా చేరిన అమ్మాయి చేతిలోని కట్ట తీసుకుని తానే చకచకా లెక్కపెట్టేస్తాడు. వరస తరుగుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఏడాది తిరిగినా ఆ అమ్మాయి వేళ్ళకు వేగం రాదు. కోవిల్‌పట్టి మైదానంలో అలా కుదరదు. ఎంత గొప్పగా ఆడినవాడైనా బయట నిలబడి కుర్రవాడి తప్పును చూస్తూ ఊరుకోవలసిందే. ఆ ఊరి మారీశ్వరన్ 2022 ఆసియా కప్పులో భారత జట్టుకు ఆడాడు, జట్టు కాంస్యం తెచ్చింది. అప్పుడు కోచ్‌గా బయట ఉన్నది సర్దార్ సింగ్, ఒకప్పటి భారత కెప్టెన్.

అవతల నిలబడడం ఎంత కష్టమో మన పెద్దలకు తెలుసు. ఆయుధం పట్టనని ఒప్పుకుని పగ్గాలు పట్టిన కృష్ణుడే భీష్ముడి ముందు అర్జునుడు మెత్తబడుతుంటే ఓర్చుకోలేకపోయాడు. రథం దిగి పరుగెత్తాడు. వెనకనుంచి పరుగున వచ్చి, కాళ్ళు పట్టుకుని, పదడుగులు ఈడ్చుకుపోబడి, "నేనే యుద్ధం చేస్తాను, నువ్వు వెనక్కి రా బావా" అని ఆయనను ఆపినవాడు అర్జునుడు.