చివరి వరుసలో కూర్చున్న బిడ్డ



వేసవి సెలవుల్లో మా దేవాలయ ఆవరణలో పిల్లలకు పదిరోజులపాటు ఫొటోగ్రఫీ తరగతులు జరిపించాం. జలదంకి చుట్టుపక్కల పల్లెల నుండి పద్నాలుగు మంది బిడ్డలు వచ్చారు. నేర్పడానికి వచ్చిన మేష్టారు కావలిలో చాలా ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి. రీళ్ళ కాలంలో పెళ్ళిళ్ళకు, పుష్పవతి వేడుకలకు, చివరికి శవాల పక్కన కూడా నిలబడి ఫొటోలు తీసిన అనుభవం ఆయనది. చేతి ఫోన్లు వచ్చాక స్టూడియోకు గిరాకీ పోయింది. మన మతస్థుడు కాడు. అయినా “పిల్లలకు చెప్పమంటే వస్తాను స్వామీ, డబ్బులు వద్దు” అని వచ్చాడు.

మొదటిరోజు ఉదయం నేను ఆయన చేతికి ఒక కాగితం ఇచ్చాను. అందులో పిల్లల పేర్లు, చదువుతున్న తరగతి, తండ్రి పేరు ఉన్నాయి. విచారణ గురువును కదా, నాకు తెలిసిన మాట ఒకటి ప్రతి పేరు పక్కన రాశాను. ‘చురుకైనది’, ‘అల్లరి’, ‘భక్తి గలవాడు’, ఇలాగ. చివరి పేరు పక్కన ‘మొండి’ అని రాశాను. మేష్టారు ఆ కాగితం విప్పకుండానే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. “పదిరోజులయ్యాక చూస్తాను స్వామీ” అన్నాడు. నాకు కొంచెం చిన్నతనమనిపించిన మాట నిజం.

ఆ రోజు ఆయన కెమెరా బయటికి తీయనేలేదు. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాడు: “పొద్దున్నే మీ ఇంట్లోకి వెలుతురు ఎటువైపు నుంచి వస్తుంది?”

ఫొటోకు వెలుతురే ఆధారం గనుక పాఠం మొదలుపెట్టాడని నేననుకున్నాను. కానీ బిడ్డల జవాబులు వింటూంటే నాకు నోట మాట రాలేదు. “పైన రేకుకు కంత పడింది సార్, దాంట్లోంచి వస్తుంది” అన్నాడొకడు. “మాకు కిటికీ లేదు, తలుపు తీస్తేనే” అంది ఒక పాప. “నేను లేచేసరికి చీకటే సార్. అమ్మ కువైట్‌లో ఉంది. వంట చేసి తమ్ముడికి పెట్టి బడికి రావాల” అంది ఎనిమిదో తరగతి పిల్ల. ఆ పిల్ల పేరు పక్కన నేను రాసిన మాట ‘ఆలస్యంగా వస్తుంది’. ఆదివారపు దివ్యపూజకు ఆలస్యంగా వస్తుందని నాకు తెలుసు. ఎందుకు ఆలస్యమవుతుందో రెండేళ్ళుగా నేను అడగలేదు. ఒక్క ప్రశ్నతో మేష్టారు పద్నాలుగు ఇళ్ళలోకి వెళ్ళివచ్చాడు.

ప్రియ సహోదరీ సహోదరులారా, యోహాను సువిశేషం పదవ అధ్యాయంలో మన ప్రభువు తాను మంచి కాపరినని చెబుతూ, కాపరి తన గొర్రెలను ఎరుగునని, ఒక్కొక్క దానిని పేరుపెట్టి పిలుచునని బోధించారు. మన మెట్ట పల్లెల్లో గొర్రెలు కాసేవారిని అడిగి చూడండి. మందలో ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పడం పెద్ద పని కాదు. ఏది కుంటుతోంది, ఏది మేత ముట్టడం లేదు, ఏది ఈనబోతోంది అన్నది తెలియడమే కాపరితనం. లెక్క పుస్తకంలో ఉంటుంది, ఎరుక మనసులో ఉంటుంది. జ్ఞానస్నానపు పుస్తకంలో పేరు రాసుకున్నంత మాత్రాన ఆ బిడ్డను ఎరిగినట్టు కాదని నేను ఆ రోజు తెలుసుకున్నాను.

మేజర్ సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మార్టిన్ బూబర్ అనే యూదు తత్వవేత్త 1923లో వెలువరించిన ‘నేను–నీవు’ అనే గ్రంథం మాకు పాఠంగా ఉండేది. ఎదుటనున్న దానితో మనిషి రెండు విధాలుగా సంబంధం పెట్టుకుంటాడని ఆయన వివరించాడు. వస్తువును చూసినట్టు ‘అది’ అని చూడటం ఒకటి, మనిషిగా ‘నీవు’ అని పలకరించడం మరొకటి. పరీక్షలో ఆ జవాబుకు నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ‘మొండి’, ‘అల్లరి’ అని రాసిన నా కాగితమంతా ‘అది’ భాషలో ఉందని తెలియడానికి ఇన్ని సంవత్సరాలు పట్టింది.

పునీత డాన్ బోస్కోగారి జీవితంలోని ఒక సంఘటన మీలో చాలామంది విని ఉంటారు. 1841 డిసెంబరు 8, నిష్కళంకమాత పండుగ. ట్యూరిన్ నగరంలో ఆయన పూజకు సిద్ధమవుతున్నారు. చలికి దేవాలయంలోకి వచ్చిన ఒక పేద కుర్రవాడిని, పూజకు సహాయం చేయడం రాదన్నందుకు గుడి సేవకుడు కొట్టి తరిమాడు. డాన్ బోస్కోగారు వాడు నా స్నేహితుడంటూ వెనక్కి పిలిపించారు. పేరు బర్తొలొమేయో గరెల్లి. పదహారేళ్ళ వయసు, తల్లీ తండ్రీ లేరు, తాపీ పని. చదవడం వచ్చా అంటే రాదు. రాయడం వచ్చా అంటే రాదు. పాడటం వచ్చా అంటే అదీ రాదు. చివరికి, ఈల వేయడం వచ్చా అని అడిగారు. అప్పుడు ఆ కుర్రవాడు నవ్వాడు. ఆ నవ్వు నుండే సలేషియన్ల విద్యాసేవ అంతా పుట్టిందని చెబుతారు. గమనించండి: ముందు అడిగినవన్నీ వాడికి రాని వాటి గురించి. చివరి ప్రశ్న ఒక్కటే వాడికి వచ్చిన దాని గురించి. వచ్చినది దొరికేవరకు అడుగుతూనే ఉన్నవాడే గురువు.

మన తెలుగునాట కూడా అటువంటి గురువు ఒకరున్నారు. గత శతాబ్దం తొలినాళ్ళలో రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు. ఆయన విద్యార్థుల మార్కులతో సరిపెట్టుకోలేదు. వారితో కలిసి తిరిగాడు, వారు గీసిన గీతలు చూశాడు. దామెర్ల రామారావు అనే యువకునిలోని చిత్రకారుణ్ణి గుర్తించి, బొంబాయిలోని జె.జె. కళాశాలకు వెళ్ళేలా ప్రోత్సహించాడు. అడివి బాపిరాజుగారు కూడా ఆయన శిష్యులే. రామారావు 1925లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరున వెలసిన చిత్రశాలలో ఉన్నాయి. చూడగల కన్ను గల గురువు ఒకడు ఎదురుకాకపోతే ఆ చిత్రాలు ఏమయ్యేవి?

1990ల చివరలో జానా బ్రిస్కీ అనే ఫొటోగ్రాఫరు కలకత్తాలోని సోనాగాచి వాడకు వెళ్ళింది. అక్కడ దేహాన్ని అమ్ముకుని బ్రతికే స్త్రీల ఫొటోలు తీయాలని ఆమె ఉద్దేశం. కానీ వారి పిల్లలు ఆమె చుట్టూ మూగి కెమెరా గురించి అడగసాగారు. ఆమె వారికి కెమెరాలిచ్చి పాఠాలు చెప్పింది. ఆ కథతో రాస్ కాఫ్‌మన్‌తో కలిసి ఆమె తీసిన చిత్రానికి 2005లో ఆస్కార్ బహుమానం వచ్చింది. కెమెరా చేతికొచ్చినంత మాత్రాన ఆ బిడ్డల కష్టాలన్నీ తీరిపోలేదు. కానీ లోకం ఎవరి బిడ్డలని వేలెత్తి చూపిందో, వాళ్ళనే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి “నీవు చూసింది చూపించు” అని అడిగిన మనిషి ఒకరు దొరికారు.

ఇక మా తరగతికి వస్తాను. రెండోరోజు మేష్టారు పిల్లలకు ఒక పని అప్పగించాడు. “మీరెవరో నాకు తెలిసేలా ఒక ఫొటో తీసుకురండి. అందులో మీ ముఖం మాత్రం ఉండకూడదు.” ఒకడు తాత చేతికర్రను తీశాడు. ఇంకొకడు తండ్రి కూలికి పోయే పొగాకు బ్యారన్ తలుపును తీశాడు. కువైట్ తల్లి కూతురు ట్రంకుపెట్టెలో మడతపెట్టిన చీరను తీసింది. చివరి వరుస పిల్లవాడు మాత్రం ఏమీ తేలేదు. మరునాడూ తేలేదు. మూడోరోజూ తేలేదు. ప్రశ్నకు జవాబు లేదు, తల పైకెత్తడు.

నేను మేష్టారిని పక్కకు పిలిచి, “వీణ్ణి వదిలేయండి, మిగతావాళ్ళ సమయం వృథా అవుతోంది” అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. “ఫొటో సరిగ్గా పడకపోతే ఎదుటివాణ్ణి తిట్టి ఏం లాభం స్వామీ? మనం నిలబడ్డ చోటు మార్చుకోవాల” అన్నాడు. అని ఊరకోలేదు. మరుసటి రోజు తానే వెళ్ళి చివరి వరుసలో ఆ పిల్లవాడి పక్కన చాపమీద కూర్చున్నాడు. పాఠమంతా అక్కడినుంచే చెప్పాడు. సాయంత్రం వాడితో కలిసి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

అక్కడ తెలిసిన సంగతి ఇది. వాడికి నాలుగేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తండ్రి ఫొటో తెచ్చి చూపించాలని వాడి కోరిక. ఇంట్లో ఉన్నదల్లా జిరాక్సు తీసిన ఆధార్ కార్డు కాగితం ఒక్కటే. అందులో ముఖం నల్లటి మచ్చ. వాడు ఆ కాగితాన్ని మూడురోజులూ జేబులో పెట్టుకుని తరగతికి వచ్చాడు. బయటికి తీయడానికి సిగ్గుపడ్డాడు. తండ్రి ముఖం తనకు గుర్తులేదని చెప్పుకోవడానికి ఇంకా సిగ్గుపడ్డాడు. దానికి నేను పెట్టిన పేరు ‘మొండి’.

మేష్టారు రెండు సాయంత్రాలు ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి పెళ్ళి ఆల్బములు అడిగి చూశాడు. చివరికి ఒక ఇంట్లో దొరికింది. బంతి భోజనాల ఫొటో. ముందు వరుసలో పెళ్ళివారు నవ్వుతున్నారు. వెనకాల ఒక మూలన, సాంబారు బకెట్టు పట్టుకుని వంగి వడ్డిస్తున్న మనిషి. ముఖం సగమే కనబడుతోంది, అదీ మసగ్గా. మేష్టారు దానిని మళ్ళీ ఫొటో తీసి, పెద్దది చేయించి తెచ్చి ఇచ్చాడు. “ఇంతకంటే తేట రాదు నాయనా” అన్నాడు.

పిల్లవాడు చాలాసేపు చూశాడు. తర్వాత గరిటె పట్టుకున్న చేతిమీద వేలు పెట్టి, “ఈ చెయ్యి నాకు గుర్తుంది” అన్నాడు. పదిరోజుల్లో వాడు పలికిన మొదటి పూర్తి మాట అదే.

మార్కు సువిశేషం ఎనిమిదవ అధ్యాయంలో బెత్సయిదాలోని గ్రుడ్డివాని వృత్తాంతం మీకు తెలుసు. ప్రభువు మొదటిసారి అతనిమీద చేతులుంచగా మనుష్యులు అతనికి నడుస్తున్న చెట్లవలె కనబడ్డారు. అతడు అక్కడితో ఇంటికి పోలేదు, ప్రభువు అక్కడితో ఊరుకోలేదు. రెండవసారి కన్నులమీద చేతులుంచగా అంతా స్పష్టంగా కనబడింది. నేను ఎన్నోసార్లు ఆ భాగం చదివి ప్రసంగం చెప్పాను. నా విచారణలోని బిడ్డలు నాకు ఇంకా చెట్లలాగే కనబడుతున్నారని మాత్రం గ్రహించలేదు. ఒకసారి చూసినదానితో తృప్తిపడి తీర్పు రాసేవాడు సగం స్వస్థత పొందిన గ్రుడ్డివాడే. ఒక మనిషిని ఎరగాలంటే ప్రభువు చేయి రెండవసారి మన కన్నుల మీద పడాలి.

తపస్సుకాలంలో సిలువమార్గం ఆరవ స్థలం వద్ద వెరోనికమ్మను తలచుకుంటాం. రక్తంతో, ఉమ్ములతో గుర్తుపట్టరాకుండా పోయిన ముఖాన్ని ఆమె తుడిచింది, ఆ ముఖం ఆమె వస్త్రంపై నిలిచింది అని సంప్రదాయం. గుంపు మొత్తానికి ఆయన ఒక నేరస్థుడు. ఆమెకు ఒక్కదానికే ఆయన తుడవవలసిన ముఖం. మాసిన ఆల్బములో వెనక మూలన ఉన్న కూలిమనిషి ముఖం కోసం ఇల్లిల్లూ తిరిగిన ఆ మేష్టారు కూడా, తనకు తెలియకుండానే, ఆ ఆరవ స్థలంలో నిలబడ్డాడని నా నమ్మకం.

చివరిరోజు ఆయన జేబులోంచి నా కాగితం తీసి తిరిగి ఇచ్చాడు. మడతలు విప్పలేదు. “ఇక దీనితో పనిలేదు స్వామీ, అందరూ తెలిశారు” అన్నాడు. ఆ రాత్రి నేను దివ్యసత్ప్రసాద పేటిక ఎదుట కూర్చుని, పేర్ల పక్కన రాసిన మాటలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాను. మరుసటి శనివారం పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు మొదట చెప్పుకున్నది ఆ కాగితం గురించే.

తల్లిదండ్రులారా, ఉపదేశులారా, ఉపాధ్యాయులారా! మన ఇళ్ళలో కూడా ఇటువంటి కాగితాలున్నాయి. ‘పెద్దోడు బుద్ధిమంతుడు, చిన్నోడు పనికిరానివాడు’ అని చుట్టాల ఎదుట చదివి వినిపిస్తుంటాం. బిడ్డ అది వింటూ పెరుగుతాడు, చివరికి ఆ మాటనే తన ముఖమనుకుంటాడు. నేడు మన ఫోన్లలో బిడ్డల ఫొటోలు వందలు ఉంటాయి. వారు దేనికి భయపడతారో, రాత్రి ఎందుకు నిద్రపట్టదో, బడిలో ఎవరి పక్కన కూర్చుంటారో ఎందరికి తెలుసు?

ఈ వారం ఒక చిన్న పని చేయండి. కుటుంబ ప్రార్థన ముగిశాక, మీ ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే బిడ్డ పక్కన పది నిమిషాలు కూర్చోండి. మార్కులు అడగవద్దు, బుద్ధులు చెప్పవద్దు. మీకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. మొదటిరోజు రాకపోతే రెండోరోజు కూర్చోండి. నేనూ ఆదివారం పూజ తర్వాత ముందు వరుసవారితో మాట్లాడి వెళ్ళిపోకుండా, చివరి వరుస నుండి పలకరింపు మొదలుపెడుతున్నాను.

అంజూరపు చెట్టు క్రింద ఉన్న నతనయేలును పిలువకముందే చూచిన ప్రభూ, సమాధి వద్ద ఏడ్చుచున్న మగ్దలా మరియను ఒక్క పేరుతో ఓదార్చిన ప్రభూ, మా కన్నులమీద నీ చేయి మరొకసారి ఉంచుము. నీవు మమ్ము ఎరిగినట్లు మేము మా బిడ్డలను ఎరుగునట్లు చేయుము. ఆమెన్.